ఇంట్లో ఒకరికి పాజిటివ్ వస్తే: వెలివేతను ఎదుర్కొని మనసును నిలుపుకునే మార్గం

2020 మార్చి చివరి వారంలో కోవిడ్ లాక్‌డౌన్ మొదలవగానే తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఊళ్ల పొలిమేరల్లో రోడ్డుకు అడ్డంగా ముళ్లకంపలు పడ్డాయి. కొత్తవారిని ఊళ్లోకి రానివ్వకూడదన్న ఆ తొందరలో కొంత జాగ్రత్త ఉంది, కొంత భయం ఉంది. రెండింటినీ విడదీసి చూసే తీరిక అప్పుడు ఎవరికీ లేకపోయింది. ఆ తరువాతి నెలల్లో అదే భయం పొలిమేర దాటి ఇళ్ల గుమ్మాల దాకా వచ్చింది. పాజిటివ్ వచ్చిన ఇంటికి పాలు వేయడం మానేశారు. వైద్యం చేసే డాక్టర్లను, నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు ఈ విషయమై 2020 మార్చిలోనే కేంద్ర హోంమంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. ఏప్రిల్‌లో చెన్నైలో న్యూరోసర్జన్ సైమన్ హెర్క్యులిస్ కోవిడ్‌తో మరణిస్తే, ఖననానికి తీసుకెళ్లిన అంబులెన్సు మీద జనం దాడి చేశారు. చివరకు తోటి వైద్యుడు ఒకరు రాత్రివేళ దగ్గరుండి ఆ గొయ్యి పూడ్చవలసి వచ్చింది.

ఇటువంటి ప్రవర్తన వల్ల రోగం తగ్గలేదు సరికదా, దాక్కుంది. నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతో పరీక్ష చేయించుకోనివారు, జ్వరాన్ని మాత్రలతో అణచి పనికి వెళ్లినవారు, ఊపిరి అందని స్థితి వచ్చాక గాని ఆసుపత్రికి కదలనివారు ప్రతి ఊరిలోనూ కనిపించారు. మరోవైపు, కోవిడ్ మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. అందువల్ల జ్వరానికి ఎలా ఒక క్రమంలో చికిత్స చేస్తామో, వెలివేతకూ దాని వల్ల కలిగే మనోవ్యథకూ అలాగే ఒక క్రమం పాటించడం అవసరం. ఈ వ్యాసం ప్రధానంగా రోగి ఉన్న కుటుంబాన్ని ఉద్దేశించినది. ఉదాహరణలు కోవిడ్ నాటివే అయినా, మనిషి నుంచి మనిషికి సోకే మరే వ్యాధి ప్రబలినా ఈ మెట్లు పనికివస్తాయి.

ముందుగా చేతిలో ఉండవలసిన కొలబద్ద

ఎదుటివారు దూరం పెట్టిన ప్రతిసారీ దానిని వివక్షగా లెక్కించడం పొరపాటు. ఎదురింటివారు మాస్కు పెట్టుకుని ఆరడుగుల దూరంలో నిలబడి మాట్లాడితే అది జాగ్రత్త. ఫోన్‌లో కూడా మాట్లాడకపోతే అది వివక్ష, ఎందుకంటే ఫోన్‌లో వైరస్ రాదు. ఈ తేడాను పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ పని వైరస్ సోకే దారిని నిజంగా మూస్తుందా? మూయడానికి ఎంత కావాలో అంతవరకే ఉందా? ఎప్పటికి ముగుస్తుందో చెప్పగలమా? మూడవది అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం. జాగ్రత్తకు గడువు ఉంటుంది, వెలివేతకు ఉండదు. ఇకపై చెప్పబోయే ప్రతి మెట్టులోనూ గడువును తేదీతో సహా పైకి చెప్పడమే మీకు గట్టి ఆధారం.

మొదటి మెట్టు: ఎవరికి, ఏ వరుసలో చెప్పాలి

ఫలితం చేతికి రాగానే కలిగే మొదటి ఆలోచన దాచడం, లేదా గాబరాలో అందరికీ ఒకేసారి ఫోన్లు చేయడం. రెండూ వద్దు. ముందుగా వైద్యుడికి లేదా ఆ ప్రాంతపు ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చెప్పాలి. తరువాత మీ వల్ల సోకి ఉండే అవకాశమున్న వారికి చెప్పాలి. కోవిడ్ విషయంలో లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచి దగ్గరగా మెలిగినవారు ఈ జాబితాలోకి వస్తారు. వారికి చెప్పడం నైతిక బాధ్యత. ఆ వెనుక, సరుకులు, మందులు తెచ్చిపెట్టగల ఒకరిద్దరు ఆప్తులకు చెప్పాలి.

ఇరుగుపొరుగుకు చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. అయితే అపార్ట్‌మెంటులోనో, ఇరుకు వీధిలోనో ఉంటే మీరే ముందుగా చెప్పడం మంచిది. 108 వాహనం వచ్చి ఆగినప్పుడు, లేదా పారిశుద్ధ్య సిబ్బంది వచ్చి బ్లీచింగ్ చల్లినప్పుడు ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు ఆ కబురు మీ మాటల్లో కాక, ఊహల్లో ప్రయాణిస్తుంది. బంధువులందరికీ ఫోన్‌లో సమాధానం చెప్పే పనిని ఇంట్లో ఒక్కరికే అప్పగించాలి. రోగి ఫోన్ రోజంతా మోగుతూ, "ఎక్కడ అంటించుకున్నావు?" అనే ప్రశ్నకు పదేపదే జవాబు చెప్పవలసి రావడం జ్వరం కంటే ఎక్కువగా నీరసింపజేస్తుంది.

రెండవ మెట్టు: చెప్పే మాటను ముందే రాసిపెట్టుకోవడం

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశంలో క్షమాపణ ధ్వని ఉండకూడదు, ఎందుకంటే జ్వరం రావడం నేరం కాదు. దాపరికం ధ్వని కూడా ఉండకూడదు. ఏం జరిగింది, మీరు ఏం చేస్తున్నారు, ఎప్పటివరకు, ఎదుటివారి నుంచి ఏం కావాలి అనేవి ఉంటే సరిపోతుంది. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

"అందరికీ నమస్కారం. 302లో మా నాన్నగారికి నిన్న పాజిటివ్ వచ్చింది. ఆయన విడిగా ఒక గదిలో ఉన్నారు, డాక్టరు గారు ఫోన్‌లో చూస్తున్నారు. 18వ తేదీ ఉదయం వరకు మా ఇంట్లోవాళ్లం ఎవరమూ గడప దాటం, లిఫ్టు వాడం. చెత్త రెండు కవర్లలో కట్టి రాత్రి తొమ్మిదికి గుమ్మం పక్కన పెడతాం. పాలు, కూరలు గుమ్మం ముందు పెట్టి బెల్ కొడితే చాలు, డబ్బులు ఫోన్‌పేలో పంపిస్తాం. ఏ సందేహం ఉన్నా నాకు ఫోన్ చేయండి. దయచేసి నాన్నగారికి చేయకండి, ఆయన విశ్రాంతి తీసుకుంటున్నారు."

ఈ సందేశంలో సాయం అడిగిన తీరును గమనించాలి. "ఎవరైనా సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. పాలు గుమ్మం ముందు పెట్టి బెల్ కొట్టమంటే ఎవరో ఒకరు పెడతారు, ఎందుకంటే ఆ పని చిన్నది, తమకు ప్రమాదం లేనిది. భయంతో వెనక్కి తగ్గినవారిలో చాలామంది దుర్మార్గులు కారు; ఏం చేస్తే ప్రమాదం లేదో ఎవరూ చెప్పకపోవడమే వారి వెనుకంజకు కారణం.

మూడవ మెట్టు: గదిలో ఉన్న రోజుల్లో మనసు

ఒంటరి గదిలో రోగిని తినేసే ఆలోచన సాధారణంగా ఒక్కటే ఉంటుంది: "నా వల్లే ఇంట్లోవాళ్లకు వచ్చింది." దీనిని "అలా అనుకోకు" అని కొట్టిపారేస్తే పోదు. ఒక కాగితం తీసుకుని పైన ఆ ఆలోచనను ఉన్నది ఉన్నట్టు రాయాలి. దాని కింద, ఆ వారంలో మీకు నిజంగా ఏం తెలుసో రాయాలి: జ్వరం ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఎక్కడికి ఎందుకు వెళ్లారు, ఏ జాగ్రత్తలు తీసుకున్నారు. లక్షణాలు కనిపించకముందే సోకగల వ్యాధిలో, మోసుకొచ్చానని తెలియకుండా మోసుకొచ్చినవారిని దోషి అనడానికి వీల్లేదని ఆ కాగితమే చూపుతుంది. కావాలని అంటించడానికీ, తెలియక అంటుకోవడానికీ ఉన్న దూరం రాతలో కనిపించినంత స్పష్టంగా తలలో కనిపించదు.

రోజుకు ఒక చట్రం అవసరం. నిద్రలేచే వేళ, స్నానం, భోజనం, రెండు పూటలా ఇంట్లోవారితో వీడియోలో మాటలు నిర్ణీత సమయాల్లో జరగాలి. కుటుంబమంతా రాత్రి భోజనం చేసేటప్పుడు ఫోన్ నిలబెట్టి రోగి కూడా తన గదిలో అదే సమయానికి తింటే ఆ ఒంటరితనం కొంత తగ్గుతుంది. వార్తలు రోజుకు ఒకసారి, అది కూడా పడుకునే ముందు కాకుండా చూడాలి. గుండె దడదడలాడినప్పుడు నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలడం కొన్ని నిమిషాలు చేయాలి. అయితే ఆయాసం నిజమైనదా, ఆందోళన వల్ల వచ్చినదా అనే అనుమానం ఉంటే ముందు ఆక్సీమీటరు (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) చూడాలి. అంకె 94 కంటే తగ్గితే శ్వాస వ్యాయామం పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మందుల విషయంలో చాలామందికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. కోవిడ్ చికిత్సలో వాడే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ల వల్ల నిద్ర పట్టకపోవడం, చికాకు, మానసిక స్థితిలో ఎగుడుదిగుళ్లు రావచ్చు. "మనిషి మారిపోయాడు" అని ఇంట్లోవారు కంగారుపడకుండా డాక్టరుకు చెప్పాలి. స్టెరాయిడ్‌ను సొంతంగా మొదలుపెట్టడం, ఉన్నట్టుండి ఆపడం రెండూ ప్రమాదమే. ఇప్పటికే మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు వాటిని ఆపకూడదు. బైపోలార్ వంటి మానసిక వ్యాధులకు ఇచ్చే లిథియం వాడేవారికి జ్వరం, విరేచనాల వల్ల ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో మోతాదు మించే అవకాశం ఉంది కనుక అదే రోజు వైద్యుడితో మాట్లాడాలి. ఫోన్‌లో, వీడియోలో వైద్యం చేయడానికి 2020 మార్చి 25న విడుదలైన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వీలు కల్పించాయి కాబట్టి ఇందుకు బయటికి వెళ్లవలసిన పని లేదు. ఇక మద్యం అలవాటు బాగా ఉన్నవారు క్వారంటైన్ వల్ల ఒక్కసారిగా మానవలసి వస్తే చేతులు వణకడం, మతి చెదరడం, ఫిట్లు రావచ్చు. లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇటువంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఇది ఆసుపత్రిలో చూడవలసిన స్థితి. సిగ్గుపడి ఇంట్లోనే ఉంచేయడం ప్రాణాంతకం కావచ్చు.

నాలుగవ మెట్టు: వివక్ష ఎదురైతే

మొదట మనిషితో మాట్లాడాలి, తరువాత రాతలో పెట్టాలి, ఆ తరువాతే ఫిర్యాదుకు వెళ్లాలి. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నారనుకుందాం. "అన్నయ్యా, మీ భయం నాకు అర్థమైంది. ఈ 18 దాకా మేం కిందికి రాం. ఆశా అమ్మ రోజూ వచ్చి చూసి వెళ్తోంది, కావాలంటే ఆమె నంబరు ఇస్తాను, మీరే అడగండి" అని మొదలుపెట్టవచ్చు. ఓనరుకు మీ మాటల కంటే ఆరోగ్య కార్యకర్త మాట మీద నమ్మకం ఎక్కువగా ఉంటుంది. దానిని వాడుకోవడంలో తప్పు లేదు. ఆయన వినకపోతే అదే మాటను వాట్సాప్‌లో రాసి పంపాలి. జరిగినది తేదీ, సమయం, అన్న మాటలు, చూసినవారి పేర్లతో ఒక పుస్తకంలో రాసుకోవాలి, సందేశాల స్క్రీన్‌షాట్లు దాచుకోవాలి. అద్దెదారుని ఖాళీ చేయించడానికి చట్టబద్ధమైన పద్ధతి ఉంది. నీళ్లు, కరెంటు ఆపి వెళ్లగొట్టడం ఆ పద్ధతిలో భాగం కాదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుందో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే లేని హక్కును ఉందనుకుని వాదిస్తే ఉన్న హక్కు కూడా పలచబడుతుంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించారు. ముందు ఏప్రిల్ 22న ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చాయి. దాని ప్రకారం వైద్యులు, నర్సులు, ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య సిబ్బంది మీద హింసకు 3 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. తీవ్ర గాయమైతే శిక్ష 7 ఏళ్ల వరకు పెరుగుతుంది. వారు నివసించే చోట, పనిచేసే చోట వేధించడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే; కనుక ఇంట్లో ఎవరైనా ఆరోగ్య సిబ్బంది ఉంటే ఓనరు ఒత్తిడిని పోలీసుల దృష్టికి తీసుకెళ్లడానికి గట్టి ఆధారం ఉంది. అయితే సాధారణ రోగికి ఇటువంటి ప్రత్యేక చట్టం లేదు. హెచ్ఐవీతో జీవిస్తున్నవారి పట్ల వివక్షను నిషేధిస్తూ 2017లో చట్టం వచ్చింది గాని, కోవిడ్ రోగులకు ఆ స్థాయి రక్షణ రాలేదు. ఇది లోపమే.

రోగికి మిగిలిన దారులు ఇవి. ఇంటి తలుపు మీద పోస్టర్ అంటించే విషయంలో, విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కోవిడ్ రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించరాదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న తీర్పు ఇచ్చింది. కాబట్టి కాలనీ కమిటీకి ఆ అధికారం సొంతంగా లేదు. బెదిరింపు, దారి కాయడం, ఇంటికి తాళం వేయడం వంటివి మామూలు నేరాలే; 112కు ఫోన్ చేయవచ్చు, స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇంటినుంచి కదలలేని రోజుల్లో తహసీల్దారుకు గాని, కలెక్టరేటుకు గాని ఫిర్యాదు పంపించవచ్చు. తెలంగాణలో సోమవారం జరిగే ప్రజావాణిలో బంధువు ద్వారా అర్జీ ఇవ్వడం కూడా పనికివస్తుంది.

ఉద్యోగ స్థలంలో ఎదురయ్యే వివక్షకు ఒకే నియమం: నోటిమాట మీద రాజీనామా చేయకూడదు. "కొన్నాళ్లు రావద్దు" అంటే ఎన్నాళ్లో, జీతం సంగతి ఏమిటో మెయిల్‌లో రాసి ఇవ్వమని మర్యాదగా అడగాలి. ఇళ్లలో పనిచేసే స్త్రీలకు ఈ మెయిల్ సౌకర్యం ఉండదు. మొదటి రోజుల్లో మన రాష్ట్రాలకు కోవిడ్ విమానాల్లో వచ్చింది. తెలంగాణలో 2020 మార్చి 2న దుబాయి నుంచి వచ్చిన యువకుడిలో, ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 12న ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన యువకుడిలో తొలి కేసులు బయటపడ్డాయి. అయినా గేటు దగ్గర ఆపినది పనిమనిషిని. పని మాన్పించిన ఇల్లు ఆ రోజుల జీతం ఇవ్వాలి. ఇది దయ కాదు, బాకీ.

వ్యాధికి కులం, మతం, ప్రాంతం పేరు తగిలించే సందేశాలను ముందుకు పంపకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఫిబ్రవరి 11న ఈ వ్యాధికి ఏ ఊరి పేరూ, జాతి పేరూ లేని పేరును ఎంచుకున్నది ఇందుకే. ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ జరిపిన సమావేశం తరువాత ఒక మతం మొత్తాన్ని నిందించిన తీరు, ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులను దుకాణాల్లోకి రానివ్వకపోవడం దేశం మొత్తం చూసింది. ఆ తబ్లీగీ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీది కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టివేస్తూ వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది.

ఐదవ మెట్టు: గడువు ముగిశాక బయటికి రావడం

కోలుకున్నవారిని అన్నిటికంటే ఎక్కువగా వేధించినది "నెగెటివ్ చీటీ చూపించు" అనే మాట. దీనికి సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి. వైరస్ చచ్చిన తరువాత కూడా దాని శకలాలు వారాల తరబడి ముక్కులో మిగిలి ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో పాజిటివ్ చూపవచ్చు. అందువల్లనే 2020 మే 8న మారిన కేంద్ర ఆరోగ్య శాఖ విధానంలో స్వల్ప లక్షణాలవారిని మళ్లీ పరీక్ష లేకుండానే ఇంటికి పంపారు. 2022 జనవరి మార్గదర్శకాల్లో, పాజిటివ్ వచ్చాక కనీసం 7 రోజులు గడిచి వరుసగా 3 రోజులు జ్వరం లేకపోతే ఐసొలేషన్ ముగిసినట్టేననీ, మళ్లీ పరీక్ష అవసరం లేదనీ స్పష్టం చేశారు. డాక్టరు నుంచి ఐసొలేషన్ ముగిసిన తేదీతో ఒక చిన్న ధ్రువపత్రం తీసుకుంటే వాదన తగ్గుతుంది. ముందు పంపిన సందేశానికి కొనసాగింపుగా "18వ తేదీ వచ్చింది, అందరం బాగున్నాం, పాలు తెచ్చిపెట్టిన 204 వారికి కృతజ్ఞతలు" అని గ్రూపులో రాయాలి. బయటికి వచ్చిన మొదటి రోజున మిమ్మల్ని పలకరించే అవకాశమున్నవారి దగ్గరికే ముందు వెళ్లండి. పిల్లలను ఆటలో చేర్చుకోకపోతే వారిని పంపి పరీక్షించకుండా, పెద్దవారే అవతలి పిల్లల తల్లిదండ్రులతో ముందుగా మాట్లాడాలి.

ఆరవ మెట్టు: ఇంట్లో మరణం సంభవిస్తే

కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సిబ్బంది జాగ్రత్తలతో కోవిడ్ మృతదేహం ఉంచిన సంచీ జిప్పు తీసి ముఖం చూపించవచ్చు. శరీరాన్ని తాకనవసరం లేని మంత్రపఠనం, తీర్థం చల్లడం వంటి క్రతువులు చేయవచ్చు. చితాభస్మం వల్ల ఏ ప్రమాదమూ లేదు. ఈ సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు కడసారి చూపు వదులుకున్నాయి, అస్థికలు తీసుకోవడానికి కూడా వెనుకాడాయి. ఆసుపత్రిలో ఈ మూడింటినీ పేరుపేరునా అడగాలి. పరామర్శకు ఎవరూ రాని ఇంట్లో దుఃఖం గడ్డకడుతుంది. పెద్దకర్మ నలుగురితో చేయలేకపోయినవారు పరిస్థితి కుదుటపడ్డాక సంవత్సరీకం నాడో, మరో రోజునో అందరినీ పిలిచి తలుచుకోవడం మంచిది. వెళ్లలేకపోయిన బంధువులు ఆలస్యమైందని మొహమాటపడకుండా నెల తరువాతైనా ఫోన్ చేసి, చనిపోయినవారి పేరు పలికి మాట్లాడాలి.

ఏడవ మెట్టు: ఎప్పుడు నిపుణుల దగ్గరికి వెళ్లాలి

దిగులు, నిరాసక్తత దాదాపు రోజంతా, రెండు వారాలకు మించి ఉంటే. నిద్ర, తిండి దెబ్బతింటే. కోలుకున్నాక కూడా గడప దాటడానికి భయపడుతుంటే. చేతులు పదేపదే కడుగుతూ ఆపలేకపోతుంటే సాయం తీసుకోవాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన, ఫోన్‌లో మానసిక సహాయం అందించే టెలి మానస్ సేవ నంబరు 14416. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రభుత్వ రంగంలో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖపట్నం మానసిక వైద్యశాల ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాలకూ వెళ్లవచ్చు. మీ వివరాలను గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు.

2020 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసు కూడా నమోదు కాకముందే, చిత్తూరు జిల్లాలో ఒక వ్యక్తి తనకు కరోనా సోకిందని నమ్మి, కుటుంబానికీ ఊరికీ అంటుతుందన్న భయంతో ప్రాణం తీసుకున్నాడు. "నేను లేకపోతే మీకు బాధ తప్పుతుంది" వంటి మాటలు, ఉన్నట్టుండి అప్పగింతలు పెట్టడం, వస్తువులు పంచేయడం కనిపిస్తే "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, మోస్తున్నవారికి చెప్పుకునే వీలు కలుగుతుంది. అవును అంటే ఒంటరిగా వదలకూడదు; రోగి గదిలో ఉన్నా మాస్కుతో గుమ్మంలో కూర్చుని తోడుండవచ్చు. ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా తీసేసి, 14416కు గాని, అత్యవసరమైతే 108కి లేదా 112కు గాని ఫోన్ చేయాలి. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని భావించాలే తప్ప శిక్షించరాదని అదే 2017 చట్టం చెబుతోంది కనుక, కేసు అవుతుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆపకూడదు.

ఎనిమిదవ మెట్టు: కమిటీ, పొరుగు చేయవలసినవి

అపార్ట్‌మెంటు సంఘం వ్యాధి ఇంకా రాకముందే నాలుగు వాక్యాల తీర్మానం రాసి పెట్టుకోవాలి. రోగి ఇంటికి సరుకులు ఎవరు ఏ వేళకు చేరుస్తారు, వారి చెత్త ఎలా తీసుకెళ్తారు, ఎవరి పేర్లు ఎవరికి మాత్రమే తెలియాలి, ఆంక్షలు ఏ తేదీకి ముగుస్తాయి అనేవి అందులో ఉండాలి. వాచ్‌మన్‌కు, పారిశుద్ధ్య సిబ్బందికి చేతితొడుగులు, మాస్కులు సంఘమే ఇవ్వాలి. వారికే పాజిటివ్ వస్తే ఉండే చోటు, జీతం ముందే నిర్ణయించాలి. గడువు తేదీ వచ్చిన రోజున కార్యదర్శి స్వయంగా ఆ ఇంటికి ఫోన్ చేసి ఆంక్షలు ముగిశాయని చెప్పి, గుమ్మానికి కట్టిన తాడు విప్పించి, గ్రూపులో తిరిగిన రోగుల జాబితాలను తొలగించమని సభ్యులందరినీ కోరాలి.